ఇలాంటిదే

ఊళ్ళో మా పెద్దింటి నడవలో, గోడగడియారం పక్కన ఒక పటం ఉంది. అందులో మా పెదనాయన నిలబడి ఉంటాడు. ఖాకీ చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, నవ్వీ నవ్వని ముఖం. వెనక ఒక చిన్న విమానం. విమానం పూర్తిగా పడలేదు. ముక్కులో సగం, రెక్క అడుగుభాగం, రెక్కను పట్టుకున్న రెండు కడ్డీలు, ఒక తలుపు, ఒక చక్రం, పెదనాయన భుజం వెనకనుంచి తొంగిచూసే ఒక గుండ్రటి గుర్తు ముక్క. తోక లేదు. నంబరు లేదు. ఆకాశం తెల్లగా మాడిపోయి, వెనక చెట్టుందో కొండుందో తెలియకుండా ఉంది.

ఆ పటానికి ఒక కథ ఉంది. మా నాయన చెప్పేవాడు. వాళ్ళన్న హలసూరు చెరువు పక్కన ఉన్న మద్రాస్ సాపర్స్‌లో చేరి బర్మా పోయినాడు. 1945లో ఐరావతి నది ప్రాంతంలో దారి వేస్తూ ఉంటే తొడలో గుండు ముక్క దిగింది. ఎద్దులబండి కూడా పోలేని చోటు. అక్కడికి ఒక చిన్న విమానం వచ్చి దిగి, ఆయన్ను ఎత్తుకొచ్చింది. "ఇదిగో, ఈ విమానమే" అని నాయన పటం మీద వేలు పెట్టి చూపించేవాడు. ఇంటికి చుట్టం వస్తే చాలు, వేలు అక్కడికి పోయేది. అద్దం మీద ఆ చోటు ఎప్పుడూ మసకగా ఉండేది.

నేను బెంగుళూరు విమానాల కార్ఖానాలో పనికి చేరింది ఆ వేలు చూపించిన దారినే. 1966లో చేరినాను. మొదట నన్ను వేసింది గుడ్డ పనికి. ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఆ కాలపు చిన్న విమానాల రెక్క రేకు కాదు, గుడ్డ. చట్రం మీద గుడ్డ కప్పి, కుట్టి, దాని మీద డోపు అనే ద్రావకం పూస్తే అది ఆరి డప్పు తోలులా బిగుస్తుంది. వేలితో కొడితే మోగాలి. ఆ వాసన సాయంత్రం ఇంటికి పోయి స్నానం చేసినా పోయేది కాదు. కార్ఖానా వాళ్ళే చేసిన పుష్పక్, సైన్యం కోసం చేసిన కృషక్, రెండూ ఇట్లాంటి గుడ్డ విమానాలే. నలభై ఏళ్ళు రకరకాల పనులు చేసి బయటికి వచ్చినా, ఇప్పటికీ విమానం ఫొటో కనిపిస్తే నా కళ్ళు మనుషుల మీదికి పోవు. చక్రాల కాళ్ళ మీదికి పోతాయి.

అయినా మా ఇంటి పటాన్ని మాత్రం ఎప్పుడూ అట్లా చూడలేదు. దేవుడి పటంలో చీర ఏ నేతో ఎవరు చూస్తారు?

పోయిన ఏడాది మా ఊరి బడిలో ఒక వేడుక తలపెట్టినారు. మా ఊరు హొసూరు దగ్గర. నేను పుట్టినప్పుడు సేలం జిల్లా, 1965లో ధర్మపురి జిల్లా, 2004నుంచి కృష్ణగిరి జిల్లా. ఊరు కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. బడిలో ఊరి పెద్దల పటాలు పెట్టి, కింద తెలుగులోనూ తమిళంలోనూ రెండు మాటలు రాయాలనుకున్నారు. మా చిన్నాయన మనవడు ఆ పని నెత్తిన వేసుకున్నాడు. పెదనాయన పటం కింద "1945లో బర్మా యుద్ధంలో తనను కాపాడిన విమానం పక్కన" అని రాసి, "తాతా, విమానం పేరు ఒకటి చెప్తే రాసేస్తాను" అని నన్ను అడిగినాడు. ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించి, పెద్దది చేసి తెచ్చిచ్చినాడు. పేరు చెప్పడం అయిదు నిమిషాల పని అనుకున్నాను.

ఆ యుద్ధంలో బాంబులు వేసే పెద్ద విమానాల వెంట ఈ చిన్న జాతి ఒకటి ఉండేది. లైజాన్ విమానాలనేవారు. ఉత్తరాలు మోయడం, అధికారులను అటూ ఇటూ చేర్చడం, మన ఫిరంగి గుండు ఎక్కడ పడుతున్నదో పైనుంచి చూసి చెప్పడం, దెబ్బ తగిలినవాళ్ళను తీసుకురావడం వీటి పని. వరి మడి ఎండిపోతే అందులో దిగేవి. అన్నిటికీ రెక్క నెత్తి మీదనే. కింద చూడడానికి అడ్డం ఉండకూడదు కదా. అందుకే కొత్తవాళ్ళకు అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. మేకల మందను చూసిన పట్నంవాడిలాగా.

బర్మా అనగానే నా మనసులోకి వచ్చింది అమెరికావాళ్ళ స్టిన్సన్ ఎల్-5. 185 గుర్రాల ఇంజను, 34 అడుగుల రెక్క. మూడున్నర వేలకు పైగా కట్టినారు. 1944 మార్చిలో జపాను సైన్యం వెనక అడవిలో బ్రిటిషు దళాలను విమానాల్లో దించినప్పుడు, గాయపడినవాళ్ళను బయటికి తెచ్చిన వాటిలో ఇవి ముఖ్యమైనవి. బ్రిటిషు వాయుసేనకు కూడా ఓ వంద వరకు ఇచ్చినారు. వాటికి సెంటినెల్ అని పేరు. వీటికంటే పెద్దది విజిలెంట్ ఎల్-1. గుండ్రటి ఇంజను, దాదాపు 51 అడుగుల రెక్క. 1944 ఏప్రిల్‌లో ఇట్లాంటి విజిలెంట్ ఒకటి గాయపడిన ముగ్గురితో జపానువాళ్ళు ఉన్న చోట కూలిపోయింది. దాన్ని నడిపేవాడితో కలిపి నలుగురినీ తీసుకురావడానికి కార్టర్ హార్మన్ అనే లెఫ్టినెంటు హెలికాప్టరు వేసుకొని పోయినాడు. దాంట్లో ఒకసారికి ఒక్కరికే చోటు. నాలుగుసార్లు తిరిగి నలుగురినీ తెచ్చినాడు. యుద్ధంలో హెలికాప్టరుతో మనుషులను కాపాడడం అదే మొదలు. ఈ సంగతి చదివినప్పుడల్లా, మూడోసారి అది ఎగిరిపోతుంటే కింద ఒంటరిగా మిగిలిన ఆ నాలుగోవాడి ప్రాణం ఎట్లా కొట్టుకుందో అనిపిస్తుంది. సరే, అది వేరే కథ.

పటంలో ముక్కు కొంచెం కనబడుతున్నది కనుక విజిలెంటు కాదు. గుండ్రటి ఇంజను దాచినా దాగదు. లైసాండర్ కూడా కాదు. అది 1942లో మన వాయుసేన మొదటి స్క్వాడ్రన్ బర్మాకు తీసుకుపోయిన బరువైన విమానం. చక్రాలకు పెద్ద పెద్ద తొడుగులుంటాయి, పావుకోళ్ళు తొడుక్కున్నట్టు. మా పటంలో చక్రం ఉత్త చక్రమే. ఇక మిగిలింది ఎల్-5 అనుకొని పిల్లవాడికి ఫోను చేయబోయినాను. చేసేముందు అలవాటు కొద్దీ కాలు చూసినాను.

ఎల్-5కు ఒక్కో చక్రానికి ఒక్కో మందపాటి కాలు. లోపల నూనెతో అదురు ఓర్చుకునే ఏర్పాటు. కాళ్ళు రెండూ పొడుగ్గా, బార్లా చాపినట్టు ఉంటాయి. మా పటంలో చక్రం దగ్గర ఒక కాలు కాదు, రెండు సన్నటి గొట్టాలు. చక్రం దగ్గర కలిసి, పొట్ట దగ్గర విడిపోయి ఉన్నాయి. అంటే అదురు ఓర్చేది రబ్బరు తాడు. ఎల్-5 కాదు.

కుర్చీలో వెనక్కి వాలినాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, "ఏమయింది, ముఖం అట్లా పెట్టినారు?" అంది. ఏమీ లేదన్నాను.

రబ్బరు తాళ్ళ కాళ్ళున్నది అమెరికా పైపర్ కబ్. సైన్యంలో ఎల్-4 అనేవారు. 65 గుర్రాలు మాత్రమే. దాని ఇంజను సిలిండర్లు ముక్కుకు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. మా పటంలో ముక్కు నున్నగా మూసి ఉంది. పైగా కబ్‌లో మనుషులు ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. ఒళ్ళు సన్నం. ఇది వెడల్పు ఒళ్ళు, ముందర ఇద్దరు పక్కపక్కన కూర్చునేటట్టు. అయితే ఇంగ్లండువాళ్ళ ఆస్టర్. అందులోనూ అయిదో రకం. 130 గుర్రాలు, 36 అడుగుల రెక్క.

కబ్బూ ఆస్టరూ ఒకటిగా కనబడడానికి కారణం ఉంది. టేలర్ అనే ఒకాయన అమెరికాలో కబ్‌కు మొదట రూపం ఇచ్చినాడు. భాగస్వామి పైపర్‌తో పడక విడిపోయి, టేలర్‌క్రాఫ్ట్ అని వేరు కుంపటి పెట్టినాడు. ఆ టేలర్‌క్రాఫ్టును ఇంగ్లండులో కట్టడానికి 1938లో ఒక కంపెనీ పెట్టినారు. దానిలోంచి వచ్చింది ఆస్టర్. అంటే రెండూ దాయాదులు. వాటా పంచుకున్న ఇళ్ళల్లో ముక్కు ఒకటిగానూ మాట వేరుగానూ ఉంటుంది చూడండి, అట్లా.

ఆస్టర్ అయినంత మాత్రాన కథ పోలేదు. బ్రిటిషు వాయుసేన 656వ స్క్వాడ్రన్ ఆస్టర్లతోనే బర్మాలో ఫిరంగులకు కళ్ళుగా పనిచేసింది. అందులో ఒకటి పెదనాయనను మోసుకొచ్చి ఉండవచ్చు. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు ఆ గుండ్రటి గుర్తు చూడవలసి వచ్చింది.

పాత విమానం ఫొటోకు తేదీ చెప్పేది అందరికంటే ముందు ఆ గుర్తే. బ్రిటిషు విమానాల మీద నీలం, తెలుపు, ఎరుపు వలయాలుండేవి. మన దేశంలోనూ బర్మాలోనూ ఆ ఎరుపు తీసేసినారు. జపాను విమానాల మీద ఎర్రటి సూర్యబింబం కదా, మనవాళ్ళ తుపాకులే మన విమానాలను కొట్టకుండా. ఎరుపు పోయి ముదురు నీలం, మధ్యలో లేత నీలం మిగిలింది. అమెరికావాళ్ళు కూడా ఇదే భయంతో 1942 మేలో తమ నక్షత్రం నడుమ ఉన్న ఎర్ర చుక్కను తీసేసినారు. 1943లో నక్షత్రానికి రెండు పక్కలా తెల్లటి పట్టీలు చేర్చినారు. నలుపు తెలుపు ఫొటోలో రంగును నమ్మరాదు. కొన్ని రకాల ఫిల్ముల మీద ఎరుపు నల్లగా పడుతుంది, నీలం వెలిసిపోతుంది. ఆకారాన్ని నమ్మాలి. ఫొటోను తిరగేసి అచ్చు వేసినారేమో అని కూడా చూడాలి. నేను పెదనాయన చొక్కా బొత్తాలు చూసినాను. సరిగ్గానే ఉన్నాయి.

మా పటంలో గుర్తు చిన్నప్పటినుంచీ నల్లటి వలయంగా, లోపల తెల్లగా కనబడేది. బర్మా గుర్తుకు సరిపోతుంది. పిల్లవాడు పెద్దది చేసిన కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి, కార్ఖానా రోజుల భూతద్దం తీసి చూసినాను. వలయం లోపల తెలుపు ఉత్త తెలుపు కాదు. సన్నటి గీతలున్నాయి. వలయంనుంచి మధ్యకు పోతున్నాయి. చక్రానికి ఆకుల్లాగా. లెక్కపెట్టినాను. భుజం దాచినవి పోగా ఏడు.

అశోకచక్రం.

మన వాయుసేన విమానాల మీద తెల్లటి గుండ్రంలో నీలి చక్రం ఉన్నది 1947 ఆగస్టు 15 తరువాత. 1950 జనవరిలో గణతంత్రం వచ్చినప్పుడు దాన్ని తీసి, ఇప్పటి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు పెట్టినారు. మధ్యలో ఉన్న రెండున్నర ఏళ్ళే ఆ చక్రానికి ఆయుష్షు. పటం తీసింది ఆ రెండున్నర ఏళ్ళలో. బర్మా యుద్ధం 1945లోనే అయిపోయింది.

పిల్లవాడికి చెప్పినాను. వాడు, "పోనీలే తాతా, సంవత్సరం రాయకుండా వదిలేద్దాం" అన్నాడు. వాళ్ళ తాతకు, అంటే మా చిన్నాయన కొడుకుకు, తెలిసి ఆ రాత్రే ఫోను చేసినాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఎప్పుడూ ఎదురు మాట్లాడనివాడు.

"అన్నా, పెద్దోళ్ళ మాట అబద్ధం అంటాండావా?"

"పటం తేదీ చెప్తాండాను. పెదనాయన మాట కాదు."

"పటమే కదన్నా మాట! అది పోతే ఇంకేముండాది మన చేతిలో? ఊళ్ళో అందరూ ఏమనుకుంటారు? సిపాయి ఏడనో విమానం పక్కన ఫొటో తీయించుకొని యాభై ఏండ్లు గొప్పలు చెప్పినాడు అనుకోరా?"

జవాబు చెప్పలేకపోయినాను. ఎందుకంటే నాకూ అదే భయం. పెదనాయన 1979లో పోయినాడు. ఆయన ఉన్నంతకాలం నేను కార్ఖానాలోనే ఉన్నాను. సైన్యంలో ఆస్టర్ల చోటుకు వచ్చిన కృషక్‌కు గుడ్డ కుట్టినాను. ఊరికి పోయినప్పుడల్లా ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఒక్కసారి, "పెదనాయనా, ఆ విమానం ఏది?" అని అడగలేదు. అడగవలసింది ఏమీ లేదనుకున్నాను. పటం ఉంది కదా.

ఒక్కటి మాత్రం గుర్తుంది. నాకు పదేళ్ళప్పుడు ఆయన తనంతట తానే చెప్పినాడు. "కూర్చోబెట్టలేదు నాయనా. పక్కన పలక కిందికి దించి, స్ట్రెచర్‌తో సహా లోపలికి తోసినారు, సొరుగు మూసినట్టు. కాళ్ళు తోకలోకి పోయినాయి. పైన ఆకాశం లేదు, అంతా గుడ్డే." ఎల్-5లో బి అనే రకం ఉంది. స్ట్రెచర్ పట్టడానికి వెనక ఒళ్ళు లోతు చేసి, పక్కన కిందికి తెరుచుకునే పెద్ద తలుపు పెట్టినారు. ఆ సంగతి నేను పుస్తకంలో చదివింది కార్ఖానాలో చేరిన చాలా ఏళ్ళకు. పదేళ్ళ పిల్లవాడికి ఆయన చెప్పింది అచ్చంగా ఆ తలుపే. చూడనివాడు కల్పించగలిగే తలుపు కాదది. కథ నిజం. పటం నిజం. రెండూ ఒకటి కాదు. ఇంతవరకు నాకు తెలిసింది. కానీ ఆ ముడి ఎవరు వేసినారు? పెదనాయనే వేసి ఉంటే తమ్ముడన్న మాటే నిజమవుతుంది.

అడగడానికి ఒకే మనిషి మిగిలింది. పెద్దమ్మ. తొంభై దాటింది. చెవి కొంచెం మందం, మాట మాత్రం పదును. ఆదివారం బస్సెక్కి ఊరికి పోయినాను. పటాన్ని గోడమీదనుంచి దింపి ఆమె ఒళ్ళో పెట్టినాను. కొంగుతో అద్దం తుడిచింది.

"పెద్దమ్మా, ఈ పటం ఎప్పటిది?"

"నా పెండ్లయిన మరుసటేడు పంపించినాడప్పా. కాశ్మీరంలో ఉండె అప్పుడు. చలికి వేళ్ళు కొంకర్లు పోతాండాయి అని రాసినాడు."

పెద్దమ్మ పెండ్లి 1947లో. 1948 నవంబరు ఒకటో తేదీన జోజిలా కనుమ దాటి మన ట్యాంకులు పోయినాయి. ఆ ఎత్తుకు ట్యాంకు వస్తుందని అవతలివాళ్ళు కలగనలేదు. ట్యాంకులు పోవడానికి గుర్రపు దారిని వెడల్పు చేసింది మద్రాస్ సాపర్సే. ఆ యుద్ధంలో ఆస్టర్లు కూడా పనిచేసినాయి. నా భూతద్దం చెప్పిందే పెద్దమ్మ ఒక్క మాటలో చెప్పేసింది. బస్సు చార్జీతో అయ్యే పనికి నేను వారం రోజులు కళ్ళు నొప్పి పుట్టించుకున్నాను.

"మరి ఇదే విమానంలో బర్మానుంచి వచ్చినాడని మా నాయన చెప్పేవాడే?"

పెద్దమ్మ నావైపు కొంచెంసేపు చూసింది. "మీ నాయనే కదా నాకు జాబు చదివి చెప్పింది. నాకు చదువెక్కడిది? మామ ఎదురుగా నిలబడి చదివినాడు. నేను తలుపు వెనక. ఇట్లాంటిదాంట్లోనే నన్ను మోసుకొచ్చినారు, చూసేసరికి దాని పక్కన నిలబడాలనిపించింది, అని రాసి ఉండె."

"ఇట్లాంటిదాంట్లో అనా, దీంట్లో అనా?"

"ఇట్లాంటిదాంట్లో." గట్టిగా అంది. "మీ నాయన నాలుగు దినాలు అట్లానే చెప్తా ఉండె అందరికీ. ఆమీద పటం కట్టించినాడు. పటం కట్టించినాక దీంట్లోనే అనడం మొదలుపెట్టినాడు. ఎన్నిసార్లని చెప్పేది? అన్న మీద ప్రేమ. పోనీలే అని ఊరుకున్నా."

అన్నదమ్ముల నడుమ పోయింది ఒక్క 'లాంటి'. పెదనాయన రాసినాడు, నాయన నోట అది జారిపోయింది, మేమెవరమూ కింద పడిందని చూడలేదు. ఆ జాబు ఇప్పుడు లేదు. చెదలు తిన్నాయట. ఆ మాటను ఇన్నేళ్ళు పట్టుకొని ఉన్నది అక్షరం రాని పెద్దమ్మ ఒక్కతే.

ఈ పత్రిక యానాములోనూ బరంపురంలోనూ చదివేవాళ్ళున్నారు. మీ ఇళ్ళల్లో రంగం పోయివచ్చినవాళ్ళ పెట్టెలు ఉంటాయి. 1941 డిసెంబరులో రంగం మీద బాంబులు పడ్డాక ఓడల్లో వచ్చినవాళ్ళు, అడవుల వెంట నడిచి వచ్చినవాళ్ళు, నడుస్తూ ఆగిపోయినవాళ్ళు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు పడింది చూసినవాళ్ళ పిల్లలూ ఉంటారు. ఆ పెట్టెల్లో ఇట్లాంటి ఫొటో ఏదైనా ఉంటే, గుర్తు చూడండి, కాళ్ళు చూడండి. వాటికంటే ముందు ఇంట్లో పెద్దామెను అడగండి. నేను వెనకనుంచి మొదలుపెట్టినాను.

తమ్ముడికి అరుగు మీదనుంచే ఫోను చేసి పెద్దమ్మ చేతికిచ్చినాను. వాడేమన్నాడో నాకు వినబడలేదు. "నీకేంరా తెలుసు, నువ్వు అప్పటికి పుట్టినావా?" అని ఆమె అనడం మాత్రం వినబడింది. బడిలో ఇప్పుడు పటం కింద "1945లో బర్మాలో గాయపడినప్పుడు తనను మోసుకొచ్చినటువంటి చిన్న విమానం పక్కన, 1948" అని ఉంది. తమిళంలో ఇంకొక మాట ఎక్కువ పట్టిందని మనవడు సణిగినాడు.

బస్సుకు లేస్తుంటే పెద్దమ్మ అడిగింది.

"అయితే దీని పేరేమప్పా?"

"ఆస్టర్, పెద్దమ్మా."

"ఆస్టరా? మన బావి కాడ మడిలో వేస్తారే, ఆ పూలా?"

కాదు, ఇది వేరే మాట, దక్షిణపు గాలి అని అర్థం అని చెప్పబోయినాను. ఆమె అప్పటికే పటాన్ని దగ్గరికి తీసుకొని, "పువ్వు పేరు పెట్టుకున్న దాని పక్కన నిలబడి ఒక నవ్వైనా నవ్వలేదు చూడు ఈ మనిషి" అంటూ ఉంది.